చూసి నేర్చుకున్న చేయి ఎందుకు వణుకుతుంది?

రామచంద్రపురం పిల్లలు బీడీఎస్‌లో చేరాలంటే దగ్గర్లో ఉన్న కాలేజీలు ఇటు అమలాపురంలోనూ, అటు రాజానగరంలోనూ ఉన్నాయి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యాక హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. ఫార్మకాలజీ, పాథాలజీ ఎలాగో సాగాయి. సాగనిది చేతిపని.

కాలేజీలు తెరిచినా దంతవైద్య విభాగాల్లో భయం పోలేదు. అందుకు కారణముంది. పంటిని తొలిచే ఏరోటార్ నిమిషానికి మూడు నాలుగు లక్షల సార్లు తిరుగుతుంది. పన్ను వేడెక్కకుండా దానితోపాటు నీళ్లు చిమ్ముతాయి. ఆ తుంపరలో రోగి లాలాజలం కూడా గాలిలోకి లేస్తుంది. అప్పట్లో రాష్ట్రంలోనే ఎక్కువ కొవిడ్ కేసులు తూర్పు గోదావరి జిల్లాలో నమోదవుతున్నాయి. అత్యవసరం కాని పళ్ల వైద్యం వాయిదా వేయమన్నారు. విద్యార్థి చేయి పెట్టి నేర్చుకునే కేసులన్నీ దాదాపు అలాంటివే.

బీడీఎస్‌లో మొదటి ఏడు మైనం దిమ్మల్ని పంటి ఆకారంలో చెక్కడం, రెండో ఏడు ఫాంటమ్ హెడ్, అంటే కృత్రిమ పళ్లు బిగించిన బొమ్మ తల మీద సాధన, మూడో ఏడు నుంచి రోగులు. ఈ వరసలో నడిమి మెట్టు కొందరికి వీడియోగానే మిగిలిపోయింది.

వీడియో చూస్తే చేయి తిరగదు. ఆత్రేయపురంలో పూతరేకులు వేసే ఆవిడను గంటసేపు చూసినా, తడిగుడ్డతో వేడికుండ మీద రేకు తీయడం మనకు రాదు. ఎంత ఒత్తాలో, ఎప్పుడు వదలాలో కండరాలు, చర్మం, చిన్నమెదడు కలిసి తప్పులు దిద్దుకుంటూ నేర్చుకుంటాయి. పంటిపని ఇంకా కష్టం. పై పళ్లను చిన్న అద్దంలో చూస్తూ చేయాలి, ప్రతిబింబంలో దిక్కు మారిపోతుంది. సాధారణంగా గుంత లోతు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. అది దాటితే పంటిలోని నరం దగ్గరపడుతుంది.

అందుకే తిరిగొచ్చిన వారందరినీ ఒకే గాటన కట్టకూడదంటాను. లాక్‌డౌన్‌కు ముందే చేయి తిరిగినవారికి ఆ విద్య పూర్తిగా చెరిగిపోదు. కొద్దిపాటి సాధనతో త్వరగానే తిరిగొస్తుంది. ఫాంటమ్ హెడ్ ముట్టుకోనివారికి గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ లేదు, మొదటినుంచీ నేర్చుకోవాలి. ఈ తేడా ఎవరూ చెప్పకపోతే ఆ పిల్లలు లోపం తమలోనే ఉందనుకుంటారు.

ఇక వణుకు సంగతి. నిబ్బరంగా ఉన్నవారి చేయి కూడా సెకనుకు 8 నుంచి 12 సార్లు కంటికి ఆనని మేర కదులుతూనే ఉంటుంది. ఆందోళనలో విడుదలయ్యే అడ్రినలిన్ ఆ కదలికను పెద్దది చేస్తుంది. అంటే వణుకు పిరికితనానికి గుర్తు కాదు, శరీరధర్మం. పైగా కొత్త పనిని అడుగడుగునా ఆలోచించి చేయాలి. ఆలోచనకు వాడే చోటునే భయమూ ఆక్రమిస్తుంది. మాస్కు మీద మాస్కు, మసకబారే ఫేస్ షీల్డు, కుర్చీలో నోరు తెరిచి "నొప్పెడుతుందా అమ్మా?" అని అడిగే పెద్దాయన, పక్కన సంతకం పెట్టాల్సిన సారు. కింది దవడకు మత్తింజెక్షన్ అనుభవజ్ఞుల చేతిలోనే ఒక్కోసారి పట్టదు. తొలిసారి సూది పట్టినవారికి అది పట్టకపోతే ఆ రోజంతా పాడవుతుంది.

దంతవిద్యార్థుల ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళిని అమెరికాలో గార్బీ, జకర్, సెల్బీ 1980లోనే ప్రచురించారు. అప్పటినుంచీ అనేక దేశాల అధ్యయనాల్లో పదేపదే బయటపడే కారణాలు రెండు: పరీక్షలు, కోటా. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని పళ్లు తీయడాలు పూర్తయితేగాని పరీక్షకు కూర్చోనివ్వరు. కొవిడ్ తర్వాత రోగులు తగ్గారు, నెలలు తగ్గాయి. కోటా అలాగే ఉంచి ధైర్యంగా ఉండమంటే ఆ పిల్లలకు ఏం ఒరుగుతుంది?

ధైర్యం గురించి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో చెప్పినది ఇక్కడ పనికొస్తుంది. 'నేను చేయగలను' అన్న నమ్మకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం, స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. కాబట్టి సీనియర్ తోడుగా సాయంత్రాలు ఫాంటమ్ ల్యాబ్ తెరిచి ఉంచాలి. రోజూ కొంచెం కొంచెంగా, మధ్యలో నిద్ర ఉండేలా సాధన చేయించాలి, నిద్రలోనూ మెదడు ఆ కదలికలను స్థిరపరుచుకుంటుంది. ఇంటి దగ్గర అరటితొక్క మీద కుట్లు వేయడమూ పనికొచ్చే సాధనే, రావులపాలెం చుట్టుపక్కల అరటికి కొదవలేదు. తొలి రోగికి ముందు కోటా లెక్క అడగకుండా, బొమ్మ పంటి మీద తీసిన గుంతను సారు దగ్గరుండి చూసి, ఎక్కడ లోతెక్కువైందో వేలుపెట్టి చూపించాలి.