పూర్వ పారిస్ నగర స్వరూపము — మూడు సాక్ష్యములు

నేడు పారిస్ అనగానే విశాలములైన రాజవీథులు, వాని కిరువైపుల సమానమైన ఎత్తున నిలిచిన లేతవన్నె రాతి భవనములు, వరుసతీరిన వృక్షములు మన స్మృతికి వచ్చును. ఈ స్వరూపము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. మూడవ నెపోలియన్ చక్రవర్తి పాలనలో 1853 మొదలు 1870 ఆరంభము వరకు సేన్ మండలాధికారిగా నుండిన హౌస్‌మన్ దీనికి ప్రధాన రూపకర్త. అతని కాలమున సుమారు 20,000 ఇండ్లు నేలకూలెను. వానితోపాటు, శతాబ్దుల తరబడి పెరిగిన యొక నగరపు వెలుగు, వాసన, ధ్వని, జనుల నడవడి కూడ మాసిపోయెను. ఆ నగర మెట్లుండెను? దానిని మనము వేని వలన తెలిసికొనుచున్నాము? ఈ రెండు ప్రశ్నలను కలిపి విచారించుట యీ వ్యాసము నుద్దేశము. రెండవ ప్రశ్నను విడిచి మొదటిదానికి సమాధానము చెప్పువారు పొరబడుట సులభము.

ముందుగా ఆ నగర స్వరూపమును స్థూలముగ పరిశీలింతము. 1801 లో పారిస్ జనసంఖ్య సుమారు 5,50,000. 1851 నాటి కది 10 లక్షలను దాటెను. కాని 1860 వరకు నగరపు టెల్లలు దాదాపుగ మారలేదు. వచ్చిన జనమంతయు పాత యిండ్లలోనే సర్దుకొనవలసి వచ్చెను. అంతస్తులపై అంతస్తులు లేచెను. ఇండ్ల నడిమి ముంగిళ్ళలో సైతము గదులు వెలసెను. నోతర్‌దామ్ దేవాలయమున్న సితె ద్వీపమునందును, నదికి ఉత్తరమున నగర సభాభవనము చుట్టును గల సందులలో రెండు బండ్లు ఎదురైనచో నొకటి వెనుకకు తగ్గవలసినదే. ఈ యిరుకు దేశచరిత్రను గూడ తాకినది. 1610 మే 14న నాలుగవ హెన్రీ రాజు బండి ఫెరొన్రీ వీథిలో రద్దీ వలన నిలిచిపోగా, రవయాక్ అనువాడు సమీపించి రాజును కత్తితో పొడిచి చంపెను.

ఫెరొన్రీ యనగా ఇనుప సరకుల వర్తకము. ఇట్లే వెర్రీ వీథి గాజుపనివారిని, తిక్సరాంద్రీ వీథి నేతవారిని తలపించును. ఇందు కడపటిది రీవోలి రాజవీథిని పొడిగించినపు డదృశ్యమైనది. ఇండ్లకు సరి, బేసి సంఖ్యల నొసగు పద్ధతి 1805 లో స్థిరపడెను. అంతకు పూర్వము బాటసారికి దుకాణములపై వ్రేలాడు గుర్తుల పలకలే ముఖ్యమైన ఆనవాళ్ళు.

పాత వీథులలో పెక్కింటికి కాలిబాటలు లేవు. రాతిపరపు రెండు ప్రక్కల నుండియు నడుమకు వాలియుండెను. ఆ నడుమనే మురుగు పారుచుండెను. వాన కురిసినపుడు కాలువ యేరగును. దానిపై బల్లచెక్క వేసి, దాటించినందుకు కాసు పుచ్చుకొనువా రుండిరి. రాత్రివేళ వీథి కడ్డముగ కట్టిన త్రాళ్ళ నుండి నూనెదీపములు వ్రేలాడెడివి. 1829 నుండి గ్యాసుదీపములు వీథులలో వెలుగ నారంభించెను. పెక్కిండ్లకు నీటి గొట్టములు లేవు. జలాధారముల యొద్ద నింపుకొన్న రెండేసి బొక్కెనలతో నీళ్ళు మోయువారు మెట్లెక్కి యమ్ముచుండిరి. వీరి కేకలు, ఇతర వస్తువులమ్మువారి కేకలు కలిసి 'పారిస్ కేకలు' అను పేర చిత్రకారులకును, సంగీతకర్తలకును వస్తువైనవి.

ఇంటి నిర్మాణములోనే సమాజము కానవచ్చును. అడుగున దుకాణము, దానిపై కలిగినవారు, ఆ పైని క్రమముగ చిన్న యుద్యోగులు, పనివారు, కప్పు క్రింది అటుక గదులలో నిరుపేదలు నివసించుచుండిరి. ధనికులకు వేరు పేటలు లేకపోలేదు. కాని నడిబొడ్డున పెక్కిండ్లలో భిన్నవర్గములవారు ఒకే మెట్లపై నెదురుపడుచుండిరి.

ఇంతవరకు చెప్పినదంతయు మూడు తెగల సాక్షుల వలన మనకు సంక్రమించినది. మొదటివారు వైద్యులు, అధికారులు. 1832 లో కలరా వ్యాపించి పారిస్‌లో 18,000 మందికి పైగా మరణించిరి. అటుపిమ్మట ఇరుకు వీథి యనిన రోగనిలయ మను భావము దృఢపడెను. 1833 నుండి 1848 వరకు మండలాధికారిగా నుండిన రాంబుతో, తన పేర వెలసిన 13 మీటర్ల వెడల్పు గల వీథితో మార్పునకు నాంది పలికెను. వీరి నివేదికలు కొలతలలో కచ్చితములే. కాని వీరు వీథిని చూచినది దోషమును వెదకు దృష్టితో. ఈ వర్గములోనే విల్లెర్మే అను వైద్యుడు 1820 దశాబ్దిలో పారిస్ విభాగముల మరణసంఖ్యలను పోల్చి, వాని భేదము నది సామీప్యమును గాని, ఇండ్ల దట్టమును గాని యనుసరింపక, నివాసుల కలిమిలేముల ననుసరించుచున్నదని నిరూపించెను. దోషము వీథిలోనా, దారిద్ర్యములోనా యను ప్రశ్న ఆనాడే పుట్టినదన్నమాట.

రెండవవారు సాహిత్యకారులు. మెర్సియే 1781 నుండి వెలువరించిన 'పారిస్ చిత్రము' పండ్రెండు సంపుటములలో వీథి జీవనమును ముక్కలు ముక్కలుగ చూపినది. విక్టర్ హ్యూగో 1831 లో ప్రకటించిన 'నోతర్‌దామ్ ద పారీ' నవలలో దేవాలయ గోపురముల నుండి కనబడు నగరమును వర్ణించెను. అది 1482 నాటి నగరము. అనగా రచయిత కన్నులార చూచినది కాదు. పాత కట్టడములను కాపాడవలెనను పట్టుదలతో నూహించినది. యూజీన్ సూ 1842–43 లలో పత్రికలో ధారావాహికముగ వ్రాసిన 'పారిస్ రహస్యములు' సితె ద్వీపపు సందులలో నారంభమై, వానిని నేరగాండ్ర నెలవుగా పాఠకుల మనస్సులలో ముద్రించినది. ఆ సందులలోనే కాయకష్టము చేసి బ్రదికినవారు ఆ ముద్ర వెనుక మరుగుపడిరి. తెలుగువారికి 'బీదలపాట్లు'గా పరిచితమైన నవలను హ్యూగో ప్రవాసమున ముగించి 1862 లో ప్రకటించెను. తాను విడిచి వచ్చిన పారిస్ మారిపోయినదనియు, తన వర్ణన స్మృతిలోని నగరమునకు చెందినదనియు నందే సూచించెను. తన సాక్ష్యమునకు తానే హద్దు గీచిన యిట్టి రచయితలు అరుదు.

మూడవ సాక్షి ఛాయాచిత్రము. 1862 నుండి నగరపు అధికార ఛాయాచిత్రకారుడైన షార్ల్ మార్విల్ కూల్చబోవు వీథులను సుమారు 425 చిత్రములలో భద్రపరచెను. తడిసిన రాళ్ళు, నడిమి కాలువ, గోడలపై ప్రకటనలు అందు స్పష్టముగ కానవచ్చును. కాని ఆ వీథులు దాదాపు నిర్జనములు. ఆనాటి యంత్రమునకు ప్రతిబింబమును గ్రహించుటకు కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధిలో నడిచిపోవు మనుష్యుడు పలకపై నిలువడు. మరియు, వీథిని కూల్పించు ప్రభుత్వమే దాని చిత్రమును తీయించినది. కావున ఛాయాచిత్రము గూడ తటస్థ సాక్షి యని తలపరాదు.

ఒక్క నడిమి కాలువనే తీసికొందము. అది వైద్యునకు రోగమార్గము, మెర్సియేకు బాటసారుల పాట్లకు నాటకరంగము, మార్విల్ చిత్రములో వెలుగుగీత. ఈ మూడింటిలో నొకటియు అబద్ధము కాదు. ఏదియు పూర్ణసత్యమును గాదు.

ఈ వివేచన కేవలము పాండిత్యవినోదము కాదు. 1871 మేలో అంతర్యుద్ధమున నగర సభాభవనము దగ్ధమైనపుడు అందలి గ్రంథాలయము, జనన మరణ వివాహముల పట్టికలు బూడిదయ్యెను. సామాన్యుల పేర్లను నిలుపు పత్రములు నశింపగా, ఇతరులు వారిని గూర్చి పలికిన పలుకులకు బరువు పెరిగినది. అధికారి మాటనే నమ్మినచో పాత నగరమంతయు రోగము. అపు డిండ్లు కోల్పోయి బెల్‌విల్ వంటి శివారులకు తరలిన పనివారి కష్టము లెక్కకు రాదు. కవి దుఃఖమునే నమ్మినచో అంతయు సౌందర్యము. అపుడు హౌస్‌మన్ కాలమున బెల్‌గ్రాన్ నిర్మించిన నీటి కాలువలు, భూగర్భపు మురుగు మార్గములు ఎన్ని ప్రాణముల నిలిపెనో మరుగుపడును.

మన కావ్యములలోని పురవర్ణనలను చదువుటలోను ఈ జాగరూకత యవసరము. ప్రాకార పరిఖా సౌధముల వర్ణన ప్రశంసార్థము. ఓరుగల్లు వీథులలో నిద్దరు మిత్రుల విహారమును చూపు 'క్రీడాభిరామము' వంటి రచన యొక్క ప్రయోజనము వేరు. సాక్ష్యము దొరకినంతనే చరిత్ర దొరకినదని యనుకొనరాదు. ఎవరు, ఎవరికొఱకు, ఏ యెడ నిలిచి చూచిరో తెలిసికొని, ఒక సాక్షి మౌనమును మరియొకని వాక్కుతో పూరించుట పరిశోధకుని కర్తవ్యము. మార్విల్ చిత్రములలోని శూన్య వీథులలో మెర్సియే వినిపించిన కేకలను విని, విల్లెర్మే లెక్కించిన పేదలను గుర్తించిననాడు పూర్వ పారిస్ స్వరూపము మనకు కొంతయైన గోచరించును.