వెలుతురుతో పనిచేయు తెల్లపొడి

కిటికీ తలుపులకు వేసిన తెల్లరంగు కొన్ని యేండ్లు ఎండకు గురియైన పిమ్మట, దానిపై వ్రేలితో రాచినచో సుద్దవంటి పొడి అంటుకొనును. రంగు పాతబడినదని సామాన్యముగ అనుకొందురు. నిజమునకు తెల్లదనము నిచ్చిన పదార్థమే, ఎండ సాయముతో, తనను పట్టియుంచిన జిగురును హరించుచున్నది. ఆ పదార్థము టిటానియం డయాక్సైడు. విశాఖ దగ్గరి భీమునిపట్నము తీరమున ఇసుకలో ఇల్మనైటు అను నల్లని ఖనిజము కలదు. టిటానియము దానిలో ఇనుముతో కలిసియుండును. ఇట్టి నల్లని ఖనిజమునుండియే తెల్లపొడిని తీయుదురు. రంగుల కర్మాగారములవారు ఈ గుణమును పీడగా నెంచి, పొడి రేణువులపై సిలికా, అల్యూమినా పూతలు పూసి దానిని అణచిరి.

పీడ యనుకొన్న గుణము నిజమునకొక శక్తియని చూపిన ప్రయోగము 1967లో టోక్యో విశ్వవిద్యాలయమున జరిగినది. హోండా కెనిచి ఆచార్యుని వద్ద పరిశోధక విద్యార్థిగానున్న ఫుజిషిమా అకిరా, టిటానియం డయాక్సైడు స్ఫటికమును, ప్లాటినమును నీటిలో ముంచి తీగతో కలిపి, స్ఫటికముపై తీక్ష్ణమైన కాంతిని ప్రసరింపజేసెను. స్ఫటికమునుండి ఆమ్లజని, ప్లాటినమునుండి ఉదజని, అనగా హైడ్రోజను, బుడగలుగా వెలువడినవి. స్ఫటికము మాత్రము కొంచెమైనను అరుగలేదు. ఈ ఫలితము 1972లో ‘నేచర్’ పత్రికయందు వెలువడినది. మరుసటి యేడు చమురు సంక్షోభము రాగా, ఇంధనము కొరకు వెదకుచున్నవారి దృష్టి దీనిపై పడినది.

జరుగునదేమనగా, కాంతి తాకిడికి పదార్థములోని ఎలక్ట్రాను ఒకటి తన చోటు వదలి పైకెగయును. అది విడిచిన ఖాళీని రంధ్రమందురు. రంధ్రము నీటినుండి ఎలక్ట్రానును లాగుకొన్నచో హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టును. ఇది మిక్కిలి దుడుకైనది. దగ్గరనున్న రంగులను, నూనెలను, సూక్ష్మజీవులను విడువక విరుగగొట్టును. అద్దకపు నీటిలోని రంగు ఇట్లే క్రమముగా బొగ్గుపులుసు గాలిగా, నీరుగా మారును. అయితే ఎలక్ట్రాను, రంధ్రము దారిలోనే మరల కలిసినచో శ్రమయంతయు వేడియై పోవును. పెద్ద రేణువు లోపల పుట్టిన జంటలలో అనేకమునకు ఇదే గతి.

నానో పదార్థముల అక్కర ఇచటనే. ఒక సెంటీమీటరు అంచుగల ఘనము పైభాగము 6 చదరపు సెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల, అనగా మిల్లీమీటరులో లక్షవవంతు అంచుగల ఘనములుగా కోసినచో, మొత్తము పైభాగము 600 చదరపు మీటర్లగును. పిడికిట పట్టు వస్తువునుండి 700 గజముల ఇంటిస్థలమంత విస్తీర్ణము! పైగా ఏ ఎలక్ట్రానుకైనను అంచు దగ్గరనే యుండును.

ఇబ్బందులు లేకపోలేదు. ఈ వాడుకకు మేలైన అనటేజు రకము 388 నానోమీటర్లకు తక్కువ తరంగదైర్ఘ్యముగల అతినీలలోహిత కాంతికే స్పందించును. ఎండలో అది నూటికి 4, 5 వంతులకు మించదు. 2001లో జపాను పరిశోధకులు నత్రజనిని చేర్చి, కంటికి కనబడు కాంతినికూడ కొంత వాడించిరి. శుద్ధియైన నీటినుండి అంత సన్నని పొడిని మరల వడకట్టుట వేరొక తలనొప్పి. అందుచేత దానిని గాజుపైనో, పెంకులపైనో పూతగా పూయుటే ఎక్కువగా ఫలించినది. సన్నని పొడి దేహములో చేరుటయు అనుమానాస్పదమే: జన్యుపదార్థమునకు హాని కలుగదని తేల్చలేక, 2022లో ఐరోపా సమాఖ్య దీనిని ఆహారపు రంగుగా వాడుటను నిషేధించినది.

రేణువుపై జరుగు ఎలక్ట్రానుల ఇచ్చిపుచ్చుకోలే మరొక ఆక్సైడుతో గ్యాసును పసిగట్టు పరికరమునకు ఆధారమైనది. జపానులో తగుచి నవోయొషి 1962లో రూపొందించిన పరికరమున తగరపు ఆక్సైడును వేడిచేయుదురు. గాలిలోని ఆమ్లజని దాని రేణువులకు అంటి ఎలక్ట్రానులను పట్టుకొనును. విద్యుత్తు కష్టముగా సాగును. వంటగ్యాసు లీకైనచో అది ఆ ఆమ్లజనితో కలియగా, ఎలక్ట్రానులు తిరిగివచ్చి విద్యుత్తు ధారాళమగును, గంట మ్రోగును. రేణువు 6 నానోమీటర్లకు తగ్గినప్పుడు ఈ స్పందన అమాంతముగా పెరుగునని 1991లో యమజోయె బృందము చూపినది. లోపమొకటి మిగిలియున్నది: వంటగ్యాసుకు, సారాయి ఆవిరికి భేదము ఆ రేణువునకు చక్కగా తెలియదు. పల్లాడియము వంటి లోహముల పొడిని అద్ది ఆ భేదమును నేర్పుటకై పరిశోధకులు యత్నించుచున్నారు.