వేళ్ళను పట్టిన దొంగను గుర్తించు అలసంద

కలుపు మొక్క యనగా పైరుకు దక్కవలసిన నీటిని, సారమును పంచుకొనునది యని మన మెరుగుదుము. పెరికివేసినచో పైరు తెప్పరిల్లును. కాని కొన్ని కలుపులు పంచుకొనుటతో తృప్తి చెందవు. పైరునే పట్టి దాని రసమును పీల్చును. మన పొగాకు చేలలో వేళ్ళను పట్టు పొగాకు మల్లె, వరి మాగాణులలో చల్లిన మినుము కాండమును చుట్టుకొను బంగారుతీగ ఇట్టివి. పశ్చిమాఫ్రికాలో అలసంద (కొందరు బొబ్బర్లందురు) పైరుకు ఇట్టి శత్రువొకటి కలదు. దాని పేరు స్ట్రైగా జెస్నెరియాయిడిస్. మన జొన్న చేలలో మల్లె యని పిలువబడు స్ట్రైగాకు ఇది దాయాది.

నైజీరియా, నైజర్, మాలి, బుర్కీనా ఫాసో దేశముల మెట్టరైతుకు అలసందయే పప్పు. దాని తీగయే పశువులకు మేత. మాంసము కొనలేని ఇంటికి మాంసకృత్తులు దీనినుండియే లభించవలెను. అట్టి చేనిలో ఈ కలుపు పొడసూపిన నాటికే నష్టము జరిగిపోయి యుండును. మన్ను పైకి రాకముందే అది అలసంద వేరుపై బుడిపె కట్టి, కొన్ని వారములపాటు కడుపునింపుకొనును. పెరికినను ఫలితము స్వల్పము. దాని విత్తులు ధూళివలె నుండును. ఒక్కొక్క మొక్క వేలకొలది రాల్చును. అవి ఏండ్ల తరబడి నేలలో బ్రతికియుండగలవు.

అన్ని యేండ్లు నిద్రించిన విత్తు అలసంద వేరు దాపునకు వచ్చినదని ఎట్లు తెలిసికొనును? వేళ్ళనుండి అతి స్వల్పముగా స్రవించు రసాయనములే దానిని మేల్కొలుపును. ఇట్టి పదార్థములలో మొదటిదైన స్ట్రిగాల్‌ను 1966లో ప్రత్తి వేళ్ళ స్రావమునుండి వేరుచేసిరి. ఈ జాతి పదార్థములను నేడు స్ట్రిగోలాక్టోనులందుము. తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు, "మొక్క తన శత్రువును తానే ఎందుకు పిలుచునండీ?" అని తెలివిగల విద్యార్థి తప్పక అడుగును. దీనికి సమాధానము 2005లో లభించినది. మొక్క పిలుచునది శత్రువును గాదు. నేలలోని భాస్వరమును వేరుకు తెచ్చియిచ్చు మేలైన శిలీంధ్రమును. ఆ పిలుపును దొంగ పొంచియుండి వినుచున్నాడు. భాస్వరము తక్కువైన కొలది మొక్క గట్టిగా పిలుచును గనుక, బీద నేలలకే ఈ బెడద హెచ్చు.

ఇక విరుగుడు. 1980-90 మధ్య శాస్త్రజ్ఞులు పలు దేశముల అలసందలను స్ట్రైగా విత్తులు కలిపిన మట్టిలో పెంచి, వేళ్ళు కడిగి చూచిరి. బోట్స్వానా నాటు రకమైన బి-301 వేళ్ళపై బుడిపెలు పెరుగలేదు. కలుపు విత్తు మొలిచినది, వేరును తాకినది, లోనికి చొరబడినది. కాని అచ్చట వేరు కణములు తామే చచ్చి, దొంగకు ఆహారము అందకుండ చేసినవి. అయితే ఈ వీరునికి గింజ చిన్నది, రైతు మెచ్చునది గాదు. నైజీరియాలోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థలో బి. బి. సింగ్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దీనిని మంచి దిగుబడి రకములతో సంకరపరచిరి. నైజీరియా స్ట్రైగాను ఎదిరించు గుణము ఒక్క బహిర్గత జన్యువుచే కలుగుచున్నదని తేలినది. బఠాణీలలో మెండెల్ చూచినట్లే, రెండవ తరమున మూడు మొక్కలు నిలిచినచో ఒకటి లొంగెను. వినుటకు సులభమే! కాని గింజ పరిమాణము అనేక జన్యువుల పని. రెండు గుణములు ఒకే మొక్కలో కుదురుటకు ఎన్నో తరములు పెంచి ఏరవలసివచ్చెను. అట్టి శ్రమ ఫలమైన ఐటి-97కె-499-35 అను రకము 2008లో నైజీరియా రైతులకు విడుదలయ్యెను.

ఆ జన్యువేమిటో 2009లో వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన మైకేల్ టింకో, ఆయన సహచరుడు కనుగొనిరి. అది నిర్మించు ప్రోటీను, బూజు తెగుళ్ళను గుర్తించు ప్రోటీనుల కుటుంబములోనిది. బి-301లో ఆ జన్యువును అణచివేయగా మొక్క స్ట్రైగాకు లొంగిపోయినది. అనగా మొక్క దృష్టిలో ఈ పూలు పూయు కలుపు కూడ ఒక తెగులే. మొక్కలను కలుపులను వేర్వేరు అధ్యాయములలో బోధించు మాబోటి వారికి ఇది కొంత కనువిప్పు.

దొంగ ఊరకుండునా? స్ట్రైగాలోను పలు తెగలు గలవు. బెనిన్ దేశపు జక్పోటా ప్రాంతములోని తెగ బి-301ను సైతము లోబరచుకొనుచున్నది. వేరు కణములు చావకుండ ఆపు ప్రోటీనునొకదానిని ఈ తెగ వేరులోనికి పంపుచున్నదని 2020లో వెల్లడించిరి. కావున ఒక్క జన్యువును నమ్ముకొనక, వేర్వేరు రకములనుండి తెచ్చిన జన్యువులను ఒకే అలసందలో చేర్చవలసియున్నది. ఇచ్చట కుండీల పరీక్ష చాలదు. ఒక జన్యువున్నను, రెండున్నను వేరు ఒకే తీరున శుభ్రముగా కనిపించును గదా! అందుచే లేత ఆకునుండి డి.ఎన్.ఏ. తీసి, జన్యువు ప్రక్కనుండు గుర్తులను బట్టి మొక్కలను ఏరుదురు.

మధ్యధరా సముద్ర తీరమున బాకలా చిక్కుళ్ళను పట్టు ఒరొబాంకి విషయము వేరు. అచ్చట నిరోధకశక్తి ఒక్క జన్యువు చేతిలో లేదు. కొద్దికొద్దిగా పనిచేయు అనేక జన్యువులకు చెందినది. ఈజిప్టులో పేరుపొందిన గీజా-402 రకము ఇట్టిదే. మరికొన్ని చిక్కుడు వంశములు అసలు పిలుపునే తగ్గించినవి. వాని వేళ్ళు మేల్కొలుపు రసాయనములను మిక్కిలి తక్కువగా స్రవించుటచే, చెంతనే యున్న ఒరొబాంకి విత్తు నిద్రలేవదు.