చిన్న కాపలా ఓడ రెండు పెద్ద ఓడలను ఎలా ఎదిరించింది?

రెండో ప్రపంచ యుద్ధంలో ఒంటరిగా వెళ్లే సరుకు ఓడలు శత్రువుకు సులభంగా చిక్కేవి. అందుకే వాటికి తోడుగా కాపలా ఓడలను పంపేవారు. అన్నిచోట్లకూ పెద్ద యుద్ధనౌకలు చాలవు కాబట్టి ఆ పని తరచు చిన్న ఓడల మీదే పడేది.

రాయల్ ఇండియన్ నేవీ వారి ‘బెంగాల్’ అలాంటిదే. ఆస్ట్రేలియాలో కట్టిన ఈ ఓడ అసలు పని సముద్రంలో మైన్లు తొలగించడం. 1942 నవంబరులో ఇది ‘ఒండినా’ అనే డచ్చి చమురు ఓడకు కాపలాగా ఫ్రీమాంటిల్ రేవు నుంచి డియెగో గార్సియా దీవికి బయల్దేరింది. 11వ తేదీన హోకోకు మారు, ఐకోకు మారు అనే జపాన్ ఓడలు ఎదురయ్యాయి. ఒక్కోటి పదివేల టన్నులకు పైనే. రెండింటి మీదా పెద్ద ఫిరంగులు. బెంగాల్‌కు ఉన్నది ఒకే చిన్న ఫిరంగి, సుమారు 40 గుండ్లు.

మరి పారిపోలేదెందుకు? శత్రువు వేగం ఎక్కువ. పైగా కాపలా ఓడే తప్పుకుంటే ఒండినా గతేమిటి? కెప్టెన్ విల్సన్ తన ఓడను నేరుగా హోకోకు మారు వైపు నడిపారు. ఎదురుగా దూసుకొచ్చే ఓడ ముక్కు మాత్రమే కనిపిస్తుంది, గురి కుదరడం కష్టం. చిన్న ఫిరంగికీ దగ్గరికెళ్తేనే ఫలితం.

ఒండినా కూడా ఊరుకోలేదు, తన ఫిరంగి పేల్చింది. ఒక గుండు హోకోకు మారు టార్పెడో గొట్టాల దగ్గర తగిలి మంటలు లేచాయి. కాసేపటికి ఓడ పేలి మునిగింది. ఆ గుండు ఒండినాదేనని ఎక్కువమంది అభిప్రాయం.

గుండ్లు దాదాపు అయిపోయాక బెంగాల్ పొగతెర చాటున తప్పించుకుని డియెగో గార్సియా చేరింది. ఒండినా కెప్టెన్ మాత్రం మరణించాడు. పోరులో ఒండినాను వదిలి వెళ్లిన సిబ్బందే మళ్లీ ఎక్కి దాన్ని ఫ్రీమాంటిల్‌కు తీసుకొచ్చారు.