బండారు అచ్చమాంబగారు

కృష్ణామండలమున జన్మించి స్త్రీవిద్యకై పాటుపడిన తొలివారిలో శ్రీమతి బండారు అచ్చమాంబగారొకరు. వీరు 1874లో మున్నేటి యొడ్డునగల పెనుగంచిప్రోలున జన్మించిరి. ఆరేండ్ల ప్రాయమున తండ్రిని గోల్పోయిరి, పదవయేట వివాహమయ్యెను. బడికేగు భాగ్యము లేదు. తమ్ములు కొమర్రాజు లక్ష్మణరావుగారు తమయింట నుండి చదువుకొనుచుండఁగా, వారిచెంతఁ గూర్చుండి తెలుఁగు, హిందీ భాషలను నేర్చిరి.

చదువు స్త్రీలను జెడఁగొట్టునని యనేకులు వాదించుచున్న ఆ దినములలో, విద్యావతులును ధీరలునగు స్త్రీల చరిత్రములనే సాక్ష్యముగఁ జూపుచు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిరి. కన్నబిడ్డలను గోల్పోయినను అనాథశిశువులను జేరఁదీసి చదివించిరి. 1902లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబగారితోఁ గూడి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. 1905లో, ముప్పదియేండ్ల ప్రాయముననే స్వర్గస్థులైరి.

బడియు గురువులును గల మేము, చదువెఱుఁగని తల్లికిఁగాని పొరుగింటి యక్కకుఁగాని నాలుగక్షరములు నేర్పినచో, వారి ఋణము కొంత దీర్చినవారమగుదుము.