మంచు కరఁగిన నీరును ధ్రువతీర జలచరములును

శంషాబాదు విమానాశ్రయమును దాటి బెంగుళూరు బాటను దక్షిణముగాఁ బోవువారికి షాద్‌నగరము తగులును. అచ్చట జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమువారి యాంటెనాలు పెద్ద గిన్నెలవలె నాకాశమునకు మొగము చేసి, ఉపగ్రహములు పంపు వార్తలను గ్రహించుచుండును. 2013లో నీ సంస్థవారే అంటార్కిటికా తీరమందలి భారతి స్థావరముకడ నింకొక గ్రాహకకేంద్రమును నెలకొల్పిరి. అచ్చట నందుకొన్న సమాచారము తిరిగి షాద్‌నగరమునకే చేరును. అంత దూరమేల పోవలెనని చదువరులడుగవచ్చును. భూమిని బరిశీలించు ఉపగ్రహములలోఁ బెక్కులు ధ్రువముల మీఁదుగాఁ దిరుగుచు దినమునకు సుమారు 14 మారులు భూమిని జుట్టివచ్చును. వానిలోఁ గొన్ని చుట్లే మన తలపైనుండి పోవును. ధ్రువమునకు దాపున నున్నవానికో ప్రతిచుట్టును సమీపమే.

ఇట్టి ఉపగ్రహములలో సముద్రపు రంగును జదువునవి కలవు. మన దేశమువారి ఓషన్‌శాట్ ఉపగ్రహములు 1999, 2009, 2022 సంవత్సరములలో నాకాశమున కెగసినవి. నీటి రంగు చూచి తెలియునదేమి యందురా? సముద్రము ఆకుపచ్చగా నున్నచోట కంటికగపడని సూక్ష్మమైన మొక్కలు తేలుచుండును. వీనికి ప్లవకములని పేరు. సముద్రమునకు పచ్చికబీళ్లివియే. వీనిని రొయ్యవంటి క్రిల్ అను ప్రాణి తినును. క్రిల్‌ను చేఁపలు, పెంగ్విన్ పక్షులు, సీలులు, కడకు తిమింగిలములును తినును. పాలు కలిపినట్లు తెల్లగనో బూడిదవన్నెగనో యున్నచోటు వేఱు. అది మంచునదులు కొండను అరగదీసి తెచ్చిన ఱాతిపిండి.

మంచునదులనఁగా యుగయుగములుగా గురిసిన మంచు గట్టిపడి, తన బరువుచేతనే మెల్లగా లోయలలోఁ బ్రాకుచు సముద్రమును జేరు ప్రవాహములు. భూమి వేడెక్కుచున్న కొలఁది నివి మున్నుకంటె వేగముగాఁ గరఁగుచున్నవి. కరఁగిన నీరు మంచినీరు. సముద్రజలమున వేయిపాళ్లకు సుమారు 35 పాళ్లు లవణముండును గనుక నది బరువు, మంచినీరు తేలిక. కావున మంచినీరు పైపొరగా నిలిచి క్రిందినీటిని బైకి రానీయదు. మొక్కలకు వలయు ఎరువు, అనఁగా నత్రజని మున్నగు లవణములు, క్రిందనే యుండిపోవును. ఇది దూరదేశపు వింత గాదు. గంగ, గోదావరి మున్నగు నదులు తెచ్చు మంచినీటిచేతను, వానలచేతను మన బంగాళాఖాతమున నిట్టి పైపొరయే యేర్పడుచున్నది. అరేబియా సముద్రముకంటె నిందు ప్లవకములు తక్కువగుట కిదియొక ముఖ్యకారణము.

ఇఁక బురద మాట. వానకాలమున హిమాయత్‌సాగరమున కెఱ్ఱనీరు వచ్చినపుడు గట్టుననుండి చూచిన జానెడు లోఁతు నగపడదు. వెలుతురు లేనిచోట మొక్క పెరుగదు. విశాఖపట్టణమందలి జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు గోదావరి ముఖద్వారమునఁ బరిశీలింపఁగా, వరద వచ్చునపుడు గాక, వరద తీసి నీరు తేటపడిన తరువాతనే ప్లవకములు విరివిగాఁ బెరుగుట కనఁబడినది. ఎరువు వచ్చుటతోడనే పంట రాదు, వెలుతురును గావలయును. ధ్రువతీరములందును నిదే ధర్మము. అచ్చట వేసవి కొలఁది నెలలే. ఆ నెలలలోనే మంచుకరఁగు నీరు వచ్చి కడలిని మఱుఁగుపఱచును. దక్షిణమున కింగ్ జార్జి ద్వీపమందలి పోటర్ కోవ్ అను చిన్న అఖాతమున 2002 మొదలు పలుమారులు క్రిల్ గుంపులు చచ్చి యొడ్డునఁ బడెను. కోసి చూడఁగా వాని కడుపులలో ఱాతిపిండి కనఁబడినది. నీటిని వడగట్టి తిను ప్రాణికి మేలిమి తిండియు మట్టియు నొక్కటే యయ్యెను గదా!

ఇంతమాత్రముచేత మంచునది సముద్రమునకు శత్రువనుకొనరాదు. పలువురు వ్రాయువారీ రెండవవైపును విడిచివేయుట నాకు సరిగాఁ దోఁచదు. ఉత్తరమున స్వాల్‌బార్డు ద్వీపములలో కాంగ్స్‌ఫ్యోర్డ్ అను సముద్రపాయ కలదు. దాని యొడ్డున నీ-ఆలెసుండ్ గ్రామమున మన దేశమువారి హిమాద్రి పరిశోధనశాల 2008లో వెలసినది. అచ్చటి మంచునదులలోఁ గొన్ని సముద్రములోనికే దిగియున్నవి. కరఁగిన నీరు మంచు నడుగున సొరంగములఁ బడి వచ్చి, సముద్రగర్భమున వెలువడును. తేలికయైనది గనుక నక్కడనుండి బుగ్గవలె పైకి లేచును. లేచునపుడు చుట్టునున్న లోఁతునీటిని, దానిలోని యెరువును వెంటఁబెట్టుకొని వచ్చును. సన్నజీవులును బైకి కొట్టుకొని వచ్చును. ఉప్పునీటికలవాటుపడిన యా జీవులు మంచినీరు తగిలినంతనే స్తబ్ధములై తేలఁగా, కిట్టివేక్ అను సముద్రపక్షులు గుంపులుగా మంచుగోడ ముందు వ్రాలి వానిని మెక్కును.

చిక్కంతయు నిక్కడనే యున్నది. మంచునది కరఁగి కరఁగి వెనుకకు జరిగి, కడపట నేలమీఁదికెక్కినదో, దాని నీరు సముద్రగర్భమున వెలువడక సామాన్యమైన యేఱువలె పైననే పాఱును. బుగ్గ యాగిపోవును. ఎరువు పైకి రాదు. బురదయు మంచినీరును మాత్రము వచ్చుచుండును. అనఁగా నేఁడు పక్షులకు విందుపెట్టుచున్న కరఁగుటయే కొంతకాలమునకా విందును ముగించును. ఎంత నీరు వచ్చెనన్నదొక్కటే చాలదు. ఏ లోఁతున వచ్చెనన్నది యంతకంటె ముఖ్యము.

ఉపగ్రహమునకు నీటి పైభాగమే గోచరించును. మబ్బు కమ్మినను, ధ్రువమునఁ నెలలకొలఁది రాత్రియైనను అదియు లేదు. అందువలన 2014లో మనవారు కాంగ్స్‌ఫ్యోర్డ్ నీటిలో ఇండార్క్ అను పరికరములమాలను దింపిరి. అది లంగరుపై నిలిచి, చీఁకటిలోను మంచు క్రిందను నీటి వేఁడిమిని, ఉప్పదనమును వేర్వేఱు లోఁతులయందుఁ గొలుచును.