ఛార్జింగ్ తాగేస్తోంది మెమరీ కార్డేనా?

ఈ సంక్రాంతికి ఊరెళ్లి బ్యాగ్ కింద పెట్టానో లేదో, నాన్న తన ఫోన్ తెచ్చి చేతిలో పెట్టారు. ‘‘పొద్దున ఫుల్ ఛార్జింగ్ పెడితే భోజనాల వేళకే అయిపోతోందిరా. షాపతను బ్యాటరీ పోయిందన్నాడు. మార్పించా, అయినా అంతే’’ అన్నారు. పక్కనే ఉన్న బాబాయ్ వెంటనే తీర్పు చెప్పేశారు: ‘‘అందులో మెమరీ కార్డుంది కదా, అదే తాగేస్తోంది. తీసి పారెయ్.’’

ఈ మాట మీరూ వినే ఉంటారు. కార్డు వేస్తే బ్యాటరీ ఆగదని కొందరు, అదంతా ఉత్తిదేనని ఇంకొందరు అంటుంటారు. నాన్న ఫోన్‌తో ఒక పూటంతా కుస్తీ పట్టాక నాకర్థమైంది ఏంటంటే, ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది.

ముందు లెక్క చూద్దాం

మైక్రోఎస్‌డీ కార్డు తనకు కావాల్సిన కరెంటంతా ఫోన్ నుంచే తీసుకుంటుంది. కానీ ఎప్పుడూ ఒకేలా తీసుకోదు. ఏ పనీ లేనప్పుడు మంచి కార్డు వాడేది సాధారణంగా 1 మిల్లీయాంపియర్ కంటే తక్కువే. సరే, పూర్తిగా 1 అనే అనుకుందాం. 24 గంటలకి 24 ఎంఏహెచ్ అవుతుంది. ఇప్పటి ఫోన్లలో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ మామూలైపోయింది. అందులో 24 అంటే అర శాతం కూడా కాదు.

ఫైళ్లు చదివేటప్పుడు, రాసేటప్పుడు వాడకం పెరుగుతుంది. 100 మిల్లీయాంపియర్ల చొప్పున గంటసేపు ఆపకుండా సినిమాలు కాపీ చేశారనుకోండి, కార్డు ఖర్చు 100 ఎంఏహెచ్, అంటే 2 శాతం. ఆ గంటా వెలుగుతూ ఉన్న స్క్రీన్ అంతకంటే ఎక్కువే లాగేస్తుంది. కాబట్టి బాగున్న కార్డు బ్యాటరీని ముంచేయదు.

మరి నాన్న ఫోన్ సంగతేంటి?

ఫోన్‌ని నిద్రపోనివ్వని కార్డు

బ్యాటరీ మిగిలేది ఫోన్ నిద్రపోయినప్పుడు. స్క్రీన్ ఆపి జేబులో పెట్టుకుంటే ప్రాసెసర్ కూడా కునుకు తీస్తుంది. మనం కార్డు పెట్టగానే, లేదా ఫోన్ రీస్టార్ట్ చేయగానే, ఆండ్రాయిడ్ అందులోని ఫొటోలు, పాటలు, వీడియోలన్నీ వెతికి ఒక జాబితా రాసుకుంటుంది. గ్యాలరీ తెరిస్తే అన్నీ కనిపించేది ఆ జాబితా వల్లే. మామూలుగా ఈ పని కొద్దిసేపట్లో అయిపోతుంది.

కార్డులో పాడైన ఫైళ్లుంటే చిక్కు మొదలవుతుంది. ఫోన్ ఒక ఫైల్‌ని తెరవబోతుంది, అది తెరుచుకోదు. మళ్లీ ప్రయత్నిస్తుంది, మళ్లీ అదే కథ. స్లాట్‌లో కార్డు వదులుగా ఉన్నా ఇంతే. ఊడినట్టయి మళ్లీ తగులుకున్న ప్రతిసారీ వెతుకులాట మొదటికొస్తుంది. ఇక్కడ కార్డు వాడేది కొంచెమే. దానికోసం మేలుకుని కూర్చున్న ప్రాసెసర్ వాడేదే ఎక్కువ.

నాన్న ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిచి చూశా. వాట్సాప్, యూట్యూబ్‌ల కంటే పైన ‘మీడియా స్టోరేజ్’ అని ఉంది. దొంగ దొరికాడు!

స్లో కార్డుతోనూ ఇలాంటి నష్టమే. పని ఎంత నెమ్మదిగా సాగితే ఫోన్ అంతసేపు మెలకువగా ఉండాలి. ఆండ్రాయిడ్ 6.0 నుంచి కార్డుని ఇంటర్నల్ స్టోరేజ్‌లా వాడుకునే వీలొచ్చింది, కొన్ని ఫోన్లలో అది ఇప్పటికీ ఉంది. యాప్స్ కార్డులో పెట్టేవాళ్లు దాని మీద ఎ1 లేదా ఎ2 గుర్తు ఉందో లేదో చూడాలి. ఎ1 అంటే సెకనుకి కనీసం 1500 సార్లు చదవగలదు, 500 సార్లు రాయగలదు. ఎ2కి అవే 4000, 2000. ఫొటోలు, పాటల కోసమైతే క్లాస్ 10 కార్డు చాలు.

512 జీబీ అని నమ్మితే...

నాన్న కార్డు మీద 512 జీబీ అని ఉంది. రోడ్డు పక్కన నాలుగొందలకి కొన్నారట. కంప్యూటర్‌లో పెట్టి పరీక్షిస్తే నిజంగా ఉన్నది 16 జీబీ కంటే తక్కువే. ఇలాంటి నకిలీ కార్డుల్లో లోపలి చిప్ ఫోన్‌కి అబద్ధం చెబుతుంది. రెండు బస్తాలు పట్టే గాదెని అరవై పడతాయని అమ్మినట్టు. అసలు జాగా నిండాక కొత్త ఫైల్ పేరైతే కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు. లేదా పాత ఫైల్ మీదే కొత్తది పడి రెండూ చెడిపోతాయి.

నాయనమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడ ఆఖరి సంక్రాంతికి ముగ్గు వేస్తుంటే తీసిన వీడియో ఆ కార్డులోనే ఉండేది. పేరుంది, తేదీ ఉంది, నొక్కితే తెరుచుకోలేదు. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని ఫొటోలు వెనక్కొచ్చాయి, అది రాలేదు. నాన్న ఏమీ అనలేదు. బ్యాటరీ త్వరగా అయిపోతున్న మొదటి వారమే చూసుంటే దొరికేదేమో అని నాకే అనిపిస్తుంటుంది.

పెన్‌డ్రైవ్ లెక్క వేరు

ఓటీజీతో పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్ తగిలించేవాళ్లకి ఇంకో మాట. వాటికి ఫోన్ 5 వోల్టులు ఇవ్వాలి. యూఎస్‌బీ 2.0 పరికరం 500 మిల్లీయాంపియర్ల దాకా తీసుకోవచ్చు, అంటే 2.5 వాట్లు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్ అవర్లు. ఆ హద్దు దాకా లాగితే గంటకి 13 శాతం పైనే పోతుంది. అందుకే పనైపోగానే ఎజెక్ట్ కొట్టి తీసేయండి.

ఈ రాత్రే చూసుకోండి

ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పడుకునే ముందు, లేచాక శాతం రాసుకోండి. ఒక రాత్రి కార్డుతో, ఇంకో రాత్రి కార్డు లేకుండా. తేడా ఒకటి రెండు శాతం లోపుంటే కార్డుని అనుమానించక్కర్లేదు. పది దాటితే ముందు చేయాల్సింది ఫార్మాట్ కాదు, కాపీ. కార్డులో ఉన్నదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఆ తర్వాతే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్ లేదా మ్యాక్‌లో ఎఫ్3తో అసలు సైజు పరీక్షించండి. కార్డు మంచిదని తేలితే ఫోన్‌లోనే ఫార్మాట్ చేసి వాడుకోండి. నకిలీదైతే ఎవరికీ ఇవ్వకుండా విరిచేయండి.

నాన్న ఫోన్‌కి ఇప్పుడు పొద్దున పెట్టిన ఛార్జింగ్ రాత్రి దాకా వస్తోంది. కొత్త కార్డు 64 జీబీదే. ఫొటోల కాపీ ఒకటి నా ల్యాప్‌టాప్‌లో, ఇంకోటి చెల్లి దగ్గర ఉంచాం. మీ ఇంట్లోవాళ్ల ఫోన్ కూడా ఓసారి అడిగి తీసుకోండి. బ్యాటరీ వాడకం చూడటానికి రెండు నిమిషాలు చాలు.